గుడారం ఆఖర్న కొనండి

ఏటా మే నెల వచ్చేసరికి ఇక్కడ సియాటిల్ చుట్టుపక్కల మన పిల్లలు ఫోన్లు మొదలుపెడతారు. "అక్కా, ఈసారి ఒక్కదాన్నే కాస్కేడ్స్ కొండల్లోకి మూడు రాత్రులు పోదామనుకుంటున్నా. ఒక్క మనిషికి సరిపడా తేలికైన గుడారం ఏది కొనమంటావు?" నేను చెప్పే జవాబు కొట్లో చెప్పేదానికీ, వాళ్ల స్నేహితులు చెప్పేదానికీ తలకిందులుగా ఉంటుంది. తప్పుడు సలహా అని నా ముఖం మీదే అన్నవాళ్లున్నారు. అయినా మార్చుకోలేదు. ఆ తప్పుడు సలహాలన్నీ ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను. ఒక్కో మాటా తడిసి, వణికి నేర్చుకున్నది. ఇంకో ఆడపిల్ల, ఇంకో కుర్రాడు అలా వణకకూడదనే నా తాపత్రయం.

గుడారం వద్దు, బరకం కొనండి

మొదటి ఏడాది గుడారం జోలికి పోకండి. 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు, సిలికాన్ పూత ఉన్న నైలాన్‌దో పాలిస్టర్‌దో ఒక బరకం కొనుక్కోండి. 400 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. నడిచేటప్పుడు చేతిలో ఉండే కర్రలే దానికి రాటలు. కింద పరుచుకోవడానికి ఒక పల్చటి ప్లాస్టిక్ షీటు. వరి కుప్పల మీద కప్పేదాని పేరే దీనికీ వాడుతున్నాను, రెండూ చేసే పని ఒకటే కనక.

గుడారం మన తప్పుల్ని దాచిపెడుతుంది. గాలి ఎటునుంచి వస్తోందో చూడకుండా నిలబెట్టినా నిలబడుతుంది, పల్లంలో వేసినా ఆ సాయంత్రానికి హాయిగానే ఉంటుంది. పదో రాత్రో ఇరవయ్యో రాత్రో అసలైన వాన వచ్చినప్పుడు ఆ తప్పులన్నీ ఒకేసారి బయటపడతాయి. బరకం అలా కాదు. గాలికి ఎదురుగా కడితే మొదటి గంటలోనే చెబుతుంది. తాడు వదులైతే అప్పుడే టపటపమని కొట్టుకుంటుంది. పల్లంలో పడుకుంటే అర్ధరాత్రికి వీపు కింద చల్లగా తగులుతుంది. ఒక ఎండాకాలం బరకం కింద ఎనిమిది రాత్రులు గడిపినవాళ్లకి నేల చదవడం వస్తుంది. ఆ చదువు లేనివాళ్లకి ఎంత ఖరీదైన గుడారం ఇచ్చినా వాళ్లని అది కాపాడలేదు.

ఇది నేను కనిపెట్టింది కాదు. 1955లో ఎమా గేట్‌వుడ్ అనే ఒహాయో అవ్వ, పదకొండు మంది పిల్లల తల్లి, 67 ఏళ్ల వయసులో అపలాచియన్ ట్రెయిల్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒంటరిగా నడిచింది. రెండు వేల మైళ్లకు పైగా దారి. తనే కుట్టుకున్న గుడ్డసంచీ భుజాన వేసుకుంది. వానకి అడ్డంగా పెట్టుకున్నది స్నానాలగదిలో వేలాడేసే ప్లాస్టిక్ తెర. చాలా రాత్రులు దారిలో ఉండే చెక్క చావళ్లలోనూ, దయగలవాళ్ల ఇళ్లలోనూ పడుకున్న మాట నిజమే. కానీ ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలో పోల్చుకోగలగడం కూడా ఆమె మూటలోని సామానే. తరవాత 1990లలో రే జార్డిన్ వచ్చాడు. బండలెక్కేవాళ్లు పగుళ్లలో బిగించే ఫ్రెండ్స్ అనే పనిముట్టు కనిపెట్టినాయన ఆయనే. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా 2,650 మైళ్లుండే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడిచి, గుడారం వదిలేసి బరకం కుట్టుకోండని పుస్తకాల్లో రాశాడు. తేలిక సామాను కంపెనీలు ఇవాళ అమ్ముతున్న చాలా వస్తువులకి మూలం ఆయన కుట్టుమిషన్ దగ్గరే ఉంది.

బరకం ఎక్కడికి పనికిరాదో కూడా చెప్పాలి. జులైలో కాస్కేడ్స్‌లో దోమలు మనిషిని నిలవనివ్వవు, లోపల తల దగ్గరైనా ఒక దోమతెర వేలాడదీసుకోవాలి. చెట్లు లేని శిఖరాల మీదికి మొదటి ఏడాది బరకంతో వెళ్లకండి. కారు ఆపిన చోటికి రెండు మూడు గంటల్లో దిగిరాగలిగిన దూరంలోనే పడుకోండి. వెళ్లే చోటు, వచ్చే రోజు ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి.

ముందు గూటాలు

గుడారం మీద ఆరు వందల డాలర్లు పెట్టినవాళ్లు గూటాల దగ్గరికొచ్చేసరికి గ్రాములు లెక్కపెడతారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. ముందు మంచి గూటాలు కొని, మిగిలిన డబ్బుతో గుడారం సంగతి చూడండి.

గూటం అంటే పశువుల్ని కట్టేసే గూటం లాంటిదే, అల్యూమినియంది. మూడు రెక్కలుండి, 19 సెంటీమీటర్ల పొడవున్నది ఒక్కోటి 13, 14 గ్రాములు తూగుతుంది. టైటానియం కమ్మీని చివర వంచి చేసిన సన్న కొక్కెం దాదాపు అందులో సగం. ఆరు గూటాలకి తేడా 40 గ్రాములు. రెండు పాలకోవా బిళ్లల బరువు కోసం గుడారం మొత్తాన్ని పణంగా పెట్టడం నాకు మనసొప్పదు. కొక్కెం గట్టి నేలలో బాగానే ఉంటుంది. ఇసకలో, ఆకులు మురిగి మెత్తబడ్డ నల్లమట్టిలో అది పట్టు నిలవదు. మూడు రెక్కల గూటం మట్టిని పట్టుకుంటుంది.

కాలిఫోర్నియా సియెర్రా కొండల్లోకి వెళ్తే ఏ గూటమూ దిగదు, అంతా గ్రానైటు రాతి పలక. అక్కడ తాడు చివర ఒక పుల్ల కట్టి, పుల్లని అడ్డంగా నేల మీద పెట్టి, దానికి గుడారం వైపున, తాడు మీదికి ఒక పెద్ద బండ దొర్లించాలి. తాడు ఎంత లాగినా పుల్ల బండకి తన్నుకుని ఆగిపోతుంది. వెళ్లేముందు ఆ రాళ్లని తీసిన చోటే పెట్టేసి వెళ్లాలి.

చోటు ఏరుకోవడమే అసలు కొనుగోలు

నా లెక్కలో ఇది అన్నిటికన్నా పెద్దది. గుడారాల గురించి రాసేవాళ్లు దీన్ని చివర రెండు వాక్యాల్లో తేల్చేస్తారు.

అందరూ చెరువు గట్టున పడుకోవాలనుకుంటారు. పొద్దున్నే లేవగానే నీళ్లు కనబడతాయని. నేను పడుకోను. చల్లగాలి బరువైనది, రాత్రి కొండ మీంచి జారి పల్లాల్లో, చెరువుల చుట్టూ చేరుతుంది. నీళ్ల మీద తేమ ఎలాగూ ఉంటుంది. ఆ రెండూ కలిసి తెల్లారేసరికి గుడారం లోపలి వైపు నీళ్లు కారుతుంటాయి. నీటికి 200 అడుగులు ఎడంగా ఉండమని అడవిలో జాడ వదలకుండా తిరిగే పద్ధతి ఎలాగూ చెబుతుంది. నేనైతే ఇంకా పైకి, వాలు మధ్యలో ఉండే చిన్న చదును చూసుకుంటాను.

ఆకాశం బాగా కనబడే చోటే కావాలని కూడా అడుగుతారు. తేటగా ఉన్న ఆకాశం కింద గుడ్డ తన వేడినంతా పైకి వదిలేసుకుని, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. మనిషి ఊపిరితోనే రోజుకి 300, 400 మిల్లీలీటర్ల నీళ్లు బయటికి వెళ్తాయి. రాత్రి మనం వదిలిన ఆ తేమ చల్లటి గుడ్డకి తగిలి బొట్లు కడుతుంది. మన పల్లెల్లో ఆరుబయట మంచం తడిసినా వేపచెట్టు కిందిది పొడిగా ఉండడం చూసినవాళ్లందరికీ ఇది తెలిసిన విషయమే. చెట్టు కొమ్మలు పైన కప్పుగా ఉంటే మంచు తక్కువ పడుతుంది. అందుకే చెట్ల కింద పడుకోండి, నక్షత్రాలు చూడాలంటే లేచి పది అడుగులు నడిచి చూడండి. ఎండిపోయిన చెట్టు, విరిగి వేలాడుతున్న కొమ్మ మాత్రం తలెత్తి వెతకండి. అలాంటిది కనబడితే ఎంత మంచి చోటైనా వదిలేయాల్సిందే.

గుడారం లోపల తడి కనబడగానే కారిందనుకుని చుట్టూ జిప్పులు బిగించేస్తారు. అప్పుడు తడి ఇంకా పెరుగుతుంది. తలుపు తీసి పడుకోండి. చలిగా ఉన్నా తీసే పడుకోండి. గాలి ఆడితేనే పొడిగా ఉంటుంది. పొడిగా ఉన్నవాళ్లకి చలి తట్టుకోవడం తేలిక.

నా మూడో ఏడు

మాది కోనసీమ. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫానుకి మా ఇంటి తాటాకు కప్పు లేచిపోయింది. అప్పుడు నాకు పదేళ్లు. తెల్లారేసరికి కొబ్బరితోటలు తోటలే నేలకి ఒరిగిపోయి ఉన్నాయి. ఆ తరవాత మూడు వారాలు మేం ఐదుగురం కుప్పలకి కప్పే బరకం కిందే ఉన్నాం, అక్కడే తిన్నాం, అక్కడే పడుకున్నాం.

అది పాత బరకం. అంచున ఉండే ఇత్తడి కన్నాలు నాలుగు మూలల్లోనూ ఊడిపోయాయి. నాన్న ఏం చేశాడంటే, రాలిపడ్డ కొబ్బరి పిందెలు నాలుగు ఏరుకొచ్చాడు, నిమ్మకాయంతవి. మూలకి జానెడు లోపలగా, గుడ్డకి అడుగు వైపున పిందె పెట్టి, గుడ్డని దాని చుట్టూ ముడిచి, బొడిపెలా పైకి వచ్చినదాని మెడకి తాడు రెండు చుట్లు తిప్పి బిగించాడు. కన్నానికి తాడు కడితే లాగుడంతా ఆ ఒక్క అంచు మీదే పడుతుంది. పిందె చుట్టూ కడితే చుట్టూ ఉన్న గుడ్డంతా కలిసి లాగుతుంది. గాలి పెరిగిన కొద్దీ ముడి బిగుసుకుంటుందే తప్ప గుడ్డ చిరగదు. గాలి వచ్చే వైపు అంచుని నేలకి ఆనించి ఇసక బస్తాలు పెట్టాడు. అటువైపు ఎత్తు తక్కువ, ఇటువైపు ఎక్కువ. నీళ్లు నిలబడే చోటు గుడ్డ మీద ఎక్కడా లేదు.

ఇదంతా చూసి పెరిగిన నేను, ఈ దేశం వచ్చాక కొట్లో మెరుస్తున్న వస్తువు చూసి మర్చిపోయాను. రెండేళ్లు బరకంతోనే తిరిగి, మూడో ఏడు గొప్ప తేలికదని ఒక నైలాన్ గుడారం కొన్నాను. దానితో వచ్చిన సన్న కొక్కేలనే నమ్ముకుని, 2016 సెప్టెంబరు చివర్లో కాస్కేడ్స్‌లోనే ఉన్న గోట్ రాక్స్ కొండలకి వెళ్లాను. స్నోగ్రాస్ ఫ్లాట్ అనే పచ్చిక బయలు దాటి కాస్త పైన, చెట్లు పలచబడే చోట వేశాను. రాత్రి పదింటికి వాన మొదలైంది. నైలాన్ నీళ్లు పీలుస్తుంది, పీల్చి సాగుతుంది. సాయంత్రం డప్పులా బిగించిన గుడ్డ అర్ధరాత్రికి ఆరేసిన చీరలా వేలాడింది. లేచి తాళ్లు బిగించాలి. నిద్రమత్తులో బిగించలేదు. రెండు గంటల వేళ గాలి తిరిగింది. కాళ్ల వైపు కొక్కెం మట్టిలోంచి జారి ఊడివచ్చింది. ఆ విసురుకి పక్క మూలన తాడు కట్టే పట్టీ కుట్టుతో సహా తెగిపోయింది. తడిగుడ్డ వచ్చి నా కాళ్ల మీద పడింది. ఈకల దుప్పటి మోకాళ్ల దాకా తడిసింది. తడిసిన ఈక వెచ్చదనం ఇవ్వదు, ముద్దకట్టి ఒక మూలకి పోతుంది.

తలలైటు పెట్టుకుని బయటికి వచ్చి, వానలో మోకాళ్ల మీద కూర్చుని రాయి కోసం తడిమాను. అవి అగ్నిపర్వతాల కొండలు. దొరికిన ప్రతి రాయికీ కత్తిలాంటి అంచులున్నాయి. అది గుడ్డలో పెడితే గుడ్డే కోసుకుపోతుంది. చివరికి ఒక రాయికి నా ఊలు సాక్సు తొడిగి, మడతపెట్టి, గుడ్డ అడుగున పెట్టి, మెడకి తాడు చుట్టాను. వేళ్లు ముడి వెయ్యడానికి రాలేదు, పళ్లతో లాగాను. ఊడిన కొక్కెం బదులు తాడుని పెద్ద బండ చుట్టూ తిప్పాను. తెల్లారేదాకా ఆ మూల కదల్లేదు. నేను మాత్రం వణుకుతూ కూర్చుని, వెలుగు రాగానే కిందికి నడిచాను.

ఇప్పుడు కొనండి

ఒక ఏడాది బరకంతో తిరిగినవాళ్లు ఇక గుడారం కొనుక్కోవచ్చు. వాళ్లకి నేను చెప్పేవి ఇవి.

పాలిస్టర్‌ది కొనండి. నైలాన్ బలమైనదని చెబుతారు, అది నిజమే, కానీ పాలిస్టర్ నీళ్లు పెద్దగా పీల్చదు, రాత్రి సాగదు. ఒంటరిగా ఉన్నప్పుడు అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించే పని తప్పడం కన్నా పెద్ద బలం ఇంకోటి నాకు కనబడలేదు. అన్నిటికన్నా ఖరీదైన గుడ్డ ఒకటుంది, డైనీమా కాంపొజిట్. దాన్ని మొదట్లో క్యూబెన్ ఫైబర్ అనేవారు. 1992 అమెరికాస్ కప్ పడవ పందెంలో గెలిచిన అమెరికా క్యూబ్డ్ జట్టు తెరచాపలతో పేరుపడ్డ గుడ్డ అది. నీళ్లు పీల్చదు, సాగదు. దానితో చేసిన ఒంటి మనిషి గుడారం 400 నుంచి 550 గ్రాములుంటుంది, ధర ఆరేడు వందల డాలర్లు. రాపిడికి ఓర్వదు, మడిచినా సంచీలో ఎక్కువ చోటు తింటుంది. రెండు పొరల పాలిస్టర్ గుడారం 800 గ్రాముల దగ్గర, దాని ధరలో సగానికి అటూ ఇటూ దొరుకుతుంది. తేడా 300 గ్రాములకు అటూ ఇటూ, అంటే ఒకటిన్నర గ్లాసు మంచినీళ్లు. అది మోయడానికి నేనెప్పుడూ సిద్ధమే. లోపలి పొర ఉంటే బయటి పొర మీది తడి మన మీద పడదు.

కొట్లోనే పడుకుని చూడండి. మీ పరుపు, మీ దుప్పటి తీసుకెళ్లి గుడారం వేయించి లోపల పడుకోండి. ఇప్పటి గాలి పరుపులు 8 సెంటీమీటర్ల దాకా మందంగా ఉంటున్నాయి. దాని మీద దుప్పటి పొంగు కూడా కలిస్తే ముక్కూ, కాళ్లూ వాలుగుడ్డ దగ్గరికి లేస్తాయి. కాగితం మీద రాసిన పొడవు నేల దగ్గరిది. మీకు కావలసింది పరుపు మీది పొడవు. కాలి వేలు తగిలితే ఆ గుడారం మీది కాదు. తరవాత లేచి కూర్చోండి. తల తగలకుండా కూర్చోలేనిదాన్ని కొనకండి, ఎంత తేలికైనా సరే. అక్టోబరులో ఇక్కడ చీకటి పన్నెండు గంటల పైమాటే. వానలో ఒక్కళ్లే అంతసేపు వెల్లకిలా పడుకుని ఉంటే మనసుకి దిగులు పట్టుకుంటుంది. కూర్చుని టీ తాగగలిగితే అదే రాత్రి వేరుగా ఉంటుంది.

డబ్బా మీద రాసిన బరువుని నమ్మకండి. చాలావాటిలో గూటాలు, తాళ్లు, సంచీ కలపరు. ఇంటికి తెచ్చి అన్నీ కలిపి తక్కెడలో పెట్టండి.

మొదటిసారి వానలో వెయ్యండి. ఎండలో, పచ్చిక మీద, ఫోన్లో వీడియో చూస్తూ వేసినదానికి విలువ లేదు. వాన పడుతున్న సాయంత్రం పెరట్లోకి వెళ్లి, లైటు ఆర్పి, తడిచేతులతో వెయ్యండి. సిలికాన్ పూత మీద టేపు అంటుకోదు కాబట్టి కొన్ని గుడారాల కుట్లకి మనమే జిగురు రాసుకోవాలి. రాయని కుట్టు ఏదో ఆ పెరటి వానే చూపిస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాళ్లు డాబా మీద వేసుకుని గొట్టంతో నీళ్లు కొట్టి చూసుకోండి. తాళ్లు నీళ్ల డ్రమ్ములకి కట్టొచ్చు. మన నల్లమల లాంటి పులుల అడవుల్లోకి అనుమతి లేకుండా వెళ్లి ఒంటరిగా పడుకోవద్దు. బంధువుల మామిడితోటలో ఒక జులై రాత్రి చాలు, కావలసినంత వాన దొరుకుతుంది.

పాతదైనా పరవాలేదు. చేతిలోకి తీసుకుని వాసన చూడండి. పుల్లటి ముక్కవాసన వచ్చి, లోపలి పూత వేలికి జిగురుగా తగిలితే ఆ పూత పోయిందని గుర్తు. తడిది చుట్టి అటక మీద పడేసినవాళ్లు దాన్ని చంపేశారన్నమాట. మీదైనా అంతే. ఇంటికొచ్చిన రోజు ఎంత అలసటగా ఉన్నా ముందు గుడారం ఆరేసి, ఆ తరవాతే స్నానం.

ఆ గోట్ రాక్స్ రాత్రి తరవాత ఇంటికి వచ్చి అమలాపురం ఫోన్ చేశాను. అంతా విని నాన్న అడిగిన మొదటి మాట, "రాయి నున్నగా ఉందా?"

"లేదు నాన్నా. సాక్సు తొడిగాను."

"మంచి పని చేశావ్. మరి మిగతా మూడు మూలలూ?"

చెయ్యలేదని చెప్పాను. ఒక మూల తెగిందంటే మిగతావీ తెగుతాయి గదమ్మా, ముందే కట్టేసుకోవాలి అన్నాడు. ఇప్పుడు నా సంచీ పక్క అరలో నాలుగు గుండ్రటి గులకరాళ్లుంటాయి, స్కైకోమిష్ నది ఒడ్డున ఏరినవి. నాలుగూ కలిపి 90 గ్రాములు.